24 వోల్టుల బండికి 12 వోల్టుల వైపర్ మోటారు

(చెన్నై మాధవరంలో తెలుగు ఆటో ఎలక్ట్రీషియన్ల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి. బల్ల మీద మోటార్లు విప్పి పెట్టాం, దగ్గరగా చూస్తేనే మాట అర్థమవుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన షెడ్లకు వచ్చే లారీల సంగతి మీకు తెలుసు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను చెన్నైని ముంచి, తీరం పట్టుకుని పైకి పోయి, బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. నెల్లూరు, ఒంగోలు బండ్లు నడిచే హైవే కూడా ఆ తీరం వెంబడే. అలాంటి రాత్రి వైపర్ ఆగిపోతే డ్రైవరుకి అద్దం అవతల ఏముందో తెలియదు. సరిగ్గా ఆ రోజుల్లోనే 24 వోల్టుల మోటారు దొరకదు. అదే బాడీ, అవే బోల్టు రంధ్రాలు ఉన్న 12 వోల్టులది మాత్రం పుదుపేటలో, మన పాత బండి సామాన్ల బజారులో, దొరుకుతుంది. ఓనరు దాన్నే పట్టుకొచ్చి "ఎలాగోలా పెట్టెయ్యన్నా" అంటాడు. ఆ ఎలాగోలా ఎలా అన్నదే ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు చేతిలో ఉన్నది ఎన్ని వోల్టుల మోటారో తేల్చుకోవాలి. పాత మోటారు మీద లేబుల్ ఊడిపోయి ఉంటుంది. మంచి చార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ తీసుకుని, లింకేజి (మోటారు నుంచి బ్లేడ్లకు పోయే కడ్డీలు) తగిలించకుండా లో స్పీడు వైరుకి, ఎర్త్‌కి ఇవ్వండి. బయటి షాఫ్ట్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టండి. 45 దగ్గర తిరిగితే అది 12 వోల్టులది. 22, 23 దగ్గర ఈడుస్తుంటే 24 వోల్టులది. విప్పి చూస్తే ఇంకా రూఢి అవుతుంది. 12 వోల్టుల ఆర్మేచర్లో, అంటే లోపల తిరిగే తీగచుట్టల దిమ్మెలో, తీగ లావుగా, చుట్లు తక్కువగా ఉంటాయి. 24 వోల్టుల దాంట్లో తీగ సన్నం, చుట్లు ఎక్కువ.

ఇప్పుడు ఆ 12 వోల్టుల మోటారుని నేరుగా 24కి కలిపితే ఏమవుతుందో చూద్దాం. తిరిగే మోటారు తనలో తానే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. అది సప్లై వోల్టేజీకి దగ్గరపడేదాకా వేగం పెరుగుతూ పోతుంది. సప్లై రెట్టింపయితే వేగమూ దాదాపు రెట్టింపవుతుంది. బ్లేడు అద్దం మీద కొట్టుకుంటుంది, లింకేజి బుష్‌లు వదులవుతాయి. చాలామంది ఇంతవరకే చూసి "స్పీడు బాగుంది" అనుకుంటారు. అసలు దెబ్బ మోటారు ఇరుక్కున్నప్పుడు పడుతుంది. ఆర్మేచర్ రెసిస్టెన్సు 0.6 ఓము అనుకోండి. 12 వోల్టుల మీద ఇరుక్కుంటే 20 ఆంపియర్లు లాగుతుంది, లోపల 240 వాట్ల వేడి పుడుతుంది. 24 మీద ఇరుక్కుంటే 40 ఆంపియర్లు, 960 వాట్లు. వేడి నాలుగింతలు. తీగ మీది పూత, అదే ఇనామెల్, మాడిన వాసన రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంకో దెబ్బ కంటికి కనపడదు. ఈ మోటార్లలో ఉన్నవి ఫెర్రైట్ అయస్కాంతాలు. ఆర్మేచర్లో కరెంటు హద్దు దాటితే, ఆ తీగచుట్ట పుట్టించే క్షేత్రం అయస్కాంతానికి ఎదురు నిలిచి దాని బలాన్ని కొంత శాశ్వతంగా తీసేస్తుంది. అలా దెబ్బతిన్న మోటారుని పట్టుకునే గుర్తు ఒకటుంది. ఖాళీగా తిప్పితే మునుపటికన్నా వేగంగా తిరుగుతుంది, బ్లేడు తగిలించగానే బలం ఉండదు, ఆంపియర్లు మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. కార్బన్లు (తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించే బ్రష్‌లు) మార్చినా, బుష్‌లు మార్చినా అది బాగుపడదు. పుదుపేటలో సెకండ్‌హ్యాండ్ మోటారు కొనేటప్పుడు ఖాళీగా వేగంగా తిరుగుతోందని మురిసిపోవద్దు.

అయస్కాంతానికి వోల్టేజీతో పని లేదు. దానికి తగిలేది ఎన్ని ఆంపియర్లు, ఎన్ని చుట్లు అన్న గుణకారం మాత్రమే. ఆ గుణకారం మారకుండా ఉంటే మోటారుకి 24 అయినా 12 అయినా ఒకటే. మనం చేయాల్సిన పని కూడా అందులోనే ఉంది: సప్లైని తగ్గించి పాత చుట్లకు పెట్టడం కాదు, సప్లైకి తగినట్టు చుట్లు మార్చడం. ఆ మాట దగ్గరికి వచ్చే ముందు, షెడ్లలో నడుస్తున్న అడ్డదార్లు ఎందుకు పనికిరావో చూడాలి.

మొదటిది సీరీస్‌లో రెసిస్టెన్సు పెట్టడం. ఇంజిను తిరుగుతుంటే 24 వోల్టుల బండిలో నిజంగా ఉండేది 27 నుంచి 28 వోల్టులు. మోటారుకి 13.5 కావాలి, మిగతా 13.5 రెసిస్టెన్సు తినాలి. తడి అద్దం మీద మోటారు 3.5 ఆంపియర్లు తీసుకుంటుంటే దానికి 3.9 ఓములు కావాలి. అది 47 వాట్ల వేడి, డాష్‌బోర్డు వెనక సోల్డరింగ్ ఐరన్ పెట్టి వదిలేసినట్టే. పోనీ వేడిని భరిద్దాం. కరెంటు ఎప్పుడూ 3.5 దగ్గరే ఉంటుందా? జోరువానలో అద్దం జారుతుంటే 2 ఆంపియర్లకు పడిపోతుంది. అప్పుడు రెసిస్టెన్సు తినేది 8 వోల్టులే, మోటారుకి 19 వస్తాయి, పరుగెడుతుంది. వాన తగ్గి అద్దం సగం ఆరి, బురద చేరిందనుకోండి. మోటారు 6 ఆంపియర్లు అడుగుతుంది, రెసిస్టెన్సే 23 వోల్టులు మింగేస్తుంది, మోటారుకి మిగిలేది 4. అద్దం మధ్యలో చతికిలబడుతుంది. ఈ సర్క్యూట్లో మోటారు పూర్తిగా ఇరుక్కున్నా 6 ఆంపియర్లే పారతాయి. మామూలుగా 20 పైన తీసుకుని లాగే చోట, పావు బలమే మిగిలిందన్నమాట. హెడ్‌లైటు బల్బు సీరీస్‌లో పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది ఇంకా చెడ్డది. కరెంటు పెరిగేకొద్దీ ఫిలమెంటు వేడెక్కి రెసిస్టెన్సు పెరుగుతుంది. మోటారు ఎక్కువ అడిగినప్పుడే తక్కువ ఇస్తుంది.

రెండోది రెండు బ్యాటరీల మధ్య నుంచి 12 వోల్టులు తీయడం. ఇది చూడటానికి శుభ్రంగా ఉంటుంది, మోటారు చక్కగా తిరుగుతుంది, అందుకే ఎక్కువమంది చేస్తారు. దీనివల్ల పాడయ్యేవి బ్యాటరీలు. ఆల్టర్నేటర్ రెండింటికీ సీరీస్‌లో ఒకే కరెంటు పంపుతుంది. వాడకం మాత్రం కింది బ్యాటరీ, అంటే ఎర్త్ వైపుది, దాని నుంచి అదనంగా పోతుంది. 4 ఆంపియర్ల వైపర్ 6 గంటల వానలో 24 ఆంపియర్ అవర్లు తీసేస్తుంది. ఆ లోటు కింది బ్యాటరీలో ఉండిపోతుంది, పై బ్యాటరీ నిండిపోయి మరుగుతుంది. కొన్ని నెలలకు ఒకటి నీళ్ళు ఎండి, ఇంకొకటి సల్ఫేట్ పట్టి వస్తాయి. అప్పుడు ఓనరు బ్యాటరీ కంపెనీని తిడతాడు. మధ్య నుంచి తీయక తప్పకపోతే రెండు బ్యాటరీల మధ్య చార్జిని సమం చేసే ఈక్వలైజర్ ఉండాలి. అది కొనే డబ్బుకి ఇంతకన్నా మంచి మార్గాలున్నాయి.

మూడోది స్పీడు కంట్రోల్ బోర్డు, పల్సులుగా కోసి ఇచ్చేది. సూత్రం సరైనదే, సగం కాలం ఆన్, సగం కాలం ఆఫ్. చిక్కు ఎర్త్ దగ్గర వస్తుంది. ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే చవక బోర్డుల్లో చాలావరకు నెగిటివ్ వైపు కోస్తాయి. చాలా వైపర్ మోటార్లలో కామన్ బ్రష్ నేరుగా బాడీకి కలిసి ఉంటుంది. బాడీని క్యాబిన్‌కి బోల్టు చేశారంటే నెగిటివ్ ఎప్పుడూ ఎర్తయి ఉన్నట్టే, బోర్డు కోసేదేమీ ఉండదు, మోటారుకి నిండు 24 వెళ్తుంది. పాజిటివ్ వైపు కోసే బోర్డయితేనే ఆలోచించండి.

ఇక పార్కింగ్. ఈ పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిద్దాం. బల్ల మీద ఈ నైలాన్ గేరు చూడండి. దీని మీద రాగి పళ్ళెం ఉంది, ఒకచోట గాటు ఉంది. మోటారు నుంచి వచ్చే అయిదు వైర్లు: లో స్పీడు, హై స్పీడు, పార్కింగ్, ఇగ్నిషన్ లైవ్, ఎర్త్. స్విచ్ ఆపగానే స్టీరింగ్ కింది స్విచ్ లో స్పీడు వైరుని పార్కింగ్ వైరుకి కలుపుతుంది. ఆ పార్కింగ్ వైరుకి రాగి పళ్ళెం ద్వారా ఇగ్నిషన్ లైవ్ అందుతూనే ఉంటుంది, మోటారు ఇంకా తిరుగుతుంది. గాటు రాగానే లైవ్ తెగి, అదే వైరు ఎర్త్‌కి కలుస్తుంది. అంటే తిరుగుతున్న ఆర్మేచర్ రెండు చివరలూ షార్ట్ అయ్యాయి. దాని ఎదురు వోల్టేజీయే బ్రేకయి, షాఫ్ట్‌ని అక్కడికక్కడ నిలబెడుతుంది.

ఇప్పుడు మీరు వోల్టేజీ తగ్గించే సరంజామా ఏదైనా లో స్పీడు వైరులో మాత్రమే పెట్టారనుకోండి. అది రెసిస్టెన్సయితే బ్రేకు దారిలో కూడా అదే అడ్డొస్తుంది. బ్రేకు కరెంటు చాలదు, షాఫ్ట్ గాటు దాటి జారిపోతుంది, మళ్ళీ లైవ్ తగులుతుంది, ఇంకో చుట్టు తిరుగుతుంది. పోనీ స్విచ్‌కి వెళ్ళే లైవ్‌లో మాత్రమే 24ని తగ్గించి ఇచ్చే కన్వర్టర్ పెట్టి, మోటారు దగ్గరి ఇగ్నిషన్ లైవ్‌ని 24 మీదే వదిలేశారనుకోండి. నడిచేటప్పుడు బాగుంటుంది. స్విచ్ ఆపగానే పార్కింగ్ దారిలో 24 వచ్చి మోటారు రెట్టింపు వేగంతో గాటుని దాటేస్తుంది. స్విచ్ ఆపినా వైపర్ ఆగడం లేదని వచ్చే బండ్లలో ముందు వెతకాల్సింది ఇదే. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: వైపర్ స్విచ్‌తోనే కన్వర్టర్ ఆన్, ఆఫ్ అయ్యేలా కలపడం. స్విచ్ ఆపగానే కన్వర్టర్ కూడా పోతుంది, పార్కింగ్‌కి సప్లై ఉండదు, బ్లేడు డ్రైవరు కళ్ళకు అడ్డంగా నిలబడిపోతుంది. కన్వర్టర్ పెడితే దాని అవుట్‌పుట్ నుంచే స్విచ్ లైవ్, పార్కింగ్ లైవ్ రెండూ తీయాలి, అది ఇగ్నిషన్ ఉన్నంతసేపూ ఆన్‌లోనే ఉండాలి.

సరే, అసలు మార్గానికి వద్దాం. ఒకే రకం మోటారుని 12కి, 24కి తయారుచేసే కంపెనీలు చాలాచోట్ల బాడీ, అయస్కాంతాలు, గేర్లు, పార్కింగ్ పళ్ళెం అవే వాడతాయి. తేడా ఉండేది ఆర్మేచర్లో, కార్బన్లలో, లోపల థర్మల్ కటౌట్ (వేడెక్కితే కరెంటు తెంచేది) ఉంటే అందులో. అందుకే మంచి పని ఏమిటంటే, గేరు అరిగిపోయో బాడీ పగిలో స్క్రాపుకి వచ్చిన అదే రకం 24 వోల్టుల మోటారు పట్టుకుని, దాని ఆర్మేచర్ని మీ 12 వోల్టుల బాడీలోకి ఎక్కించడం. పుదుపేటలో వెతికితే దొరుకుతుంది. బేరం చేసే ముందు రెండు ఆర్మేచర్లనూ పక్కపక్కన పెట్టి కొలవండి. షాఫ్ట్ పొడవు, రేకుల దొంతర పొడవు, కమ్యూటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి ముక్కల చుట్టు) వ్యాసం కలవాలి. నైలాన్ గేరుని తిప్పే వార్మ్, అంటే షాఫ్ట్ కొస మర, కుడివాటమా ఎడమవాటమా, ఒక మరా రెండు మరలా చూడండి. వార్మ్ తేడా ఉంటే నైలాన్ గేరు పళ్ళు మొదటి వానకే పిండి అవుతాయి.

విప్పే ముందు బాడీ గిన్నెకి, గేర్‌బాక్స్‌కి కలిపి పంచ్‌తో ఒక గుర్తు కొట్టండి. గిన్నెలోనే అయస్కాంతాలు ఉన్నాయి. దాన్ని అటుదిటు తిప్పి బిగిస్తే ధ్రువాలు మారి మోటారు వెనక్కి తిరుగుతుంది, పార్కింగ్ తప్పుచోట పడుతుంది. ఆ తరవాత వైర్లు మార్చి సరిచేయాలని చూస్తే బాడీ ఎర్త్‌తో ఇంకో గందరగోళం. బల్ల మీద ఇనప రజను లేకుండా తుడవండి, అయస్కాంతం మొత్తం లాక్కుంటుంది. బిగించాక షాఫ్ట్ ముందుకీ వెనక్కీ కదిలే ఆట 0.05 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అసలు లేకపోతే మోటారు బిగుసుకుని ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఎక్కువైతే దిశ మారే ప్రతిసారీ టక్కుమంటుంది. గేరుకి గ్రీజు పెట్టండి, పార్కింగ్ కాంటాక్టుల మీద పడనివ్వకండి.

కార్బన్లు కూడా 24 వోల్టులవే వేయండి. తక్కువ వోల్టేజీ కార్బన్లలో రాగి పాలు ఎక్కువ. ఎక్కువ కరెంటుని తక్కువ నష్టంతో దాటించడానికి అలా చేస్తారు. అవే 24 మీద వాడితే నిప్పురవ్వలు ఎక్కువై కమ్యూటేటర్ నల్లబడుతుంది. థర్మల్ కటౌట్‌నీ మర్చిపోకండి. 24 వోల్టుల ఆర్మేచర్ ఇరుక్కుంటే 10 ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. 20 దగ్గర తెగేలా చేసిన పాత కటౌట్ దాన్ని ఎప్పటికీ కాపాడదు.

అలాంటి ఆర్మేచర్ దొరకకపోతే రీవైండింగ్. లెక్క తేలిక: చుట్లు రెండింతలు, తీగ అడ్డుకోత సగం. అడ్డుకోత సగమంటే వ్యాసం సగం కాదు, 1.414తో భాగించాలి. పాత తీగ ఇనామెల్ గీకి మైక్రోమీటరుతో కొలిస్తే 0.61 వచ్చిందనుకోండి, అది 23 గేజ్. కొత్తది 0.43 రావాలి. దగ్గరగా ఉన్నది 27 గేజ్, 0.417. సన్నతీగలో ఇనామెల్ పాలు ఎక్కువ కాబట్టి స్లాటులో పట్టాలంటే ఈ మాత్రం సన్నం అవసరమే. కాయిల్‌కి 15 చుట్లుంటే 30 వేయండి. ఇలా చేస్తే రెసిస్టెన్సు నాలుగింతలవుతుంది, 24 మీద ఇరుక్కున్నా కరెంటు మునుపటిలో సగం, చుట్లు రెట్టింపు, అంటే అయస్కాంతానికి తగిలే దెబ్బ మునుపటిదే. వేడి కూడా మునుపటిదే.

పాత చుట్లు కోసే ముందు ఒక కాయిల్ ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకి వెళ్తోందో, దాని కొసలు కమ్యూటేటర్ ఏ సెగ్మెంట్లకు తగులుతున్నాయో కాగితం మీద గీసుకోండి. ఒక్క సెగ్మెంటు పక్కకి జరిగినా బ్రష్ కింద రవ్వలే. స్లాటులో లెదరాయిడ్ పేపర్ (తీగ రేకులకు తగలకుండా వేసే కాగితం) కొత్తది వేయండి, పాతదాన్ని మళ్ళీ దూర్చకండి. కొసల్ని మామూలు సోల్డరుతో అతికిస్తే మోటారు ఇరుక్కున్న రోజు అది కరిగి చిమ్ముతుంది. కమ్యూటేటర్ హుక్కుల్లో నొక్కి, వేడితో అతుక్కునేలా ఫ్యూజ్ చేయించండి. వార్నిష్ ముంచి, ఆ వార్నిష్ డబ్బా మీద రాసిన వేడికి ఓవెన్‌లో ఆరనివ్వండి. ఎండలో ఆరబెట్టింది చెన్నై గాలి తేమకి నిలవదు.

ఈ రెండూ కుదరనప్పుడే కన్వర్టర్. రిచీ స్ట్రీట్‌లో చిన్న నీలం బోర్డు, ఎల్‌ఎమ్ 2596 చిప్ ఉన్నది, అందరికీ తెలుసు. దాని హద్దు 3 ఆంపియర్లు, వైపర్ మోటారు కదలడం మొదలుపెట్టేటప్పుడే 15 నుంచి 20 అడుగుతుంది. దాన్ని ఇందులో పెట్టకండి. 24 నుంచి 13.5కి దించే, వాహనాల కోసమే చేసిన, 20 ఆంపియర్ల కన్వర్టర్ తీసుకోండి. ఓవర్‌లోడ్ వచ్చినప్పుడు ఆగి ఆగి మొదలయ్యే రకమైతే వైపర్ కుదుపులుగా నడుస్తుంది, కరెంటుని ఒకచోట నిలిపి ఇచ్చే రకం అడగండి. మామూలు నడకలో ఇన్‌పుట్‌కి రెండున్నర ఆంపియర్లు కూడా పట్టదు. కానీ 20 ఆంపియర్లు ఇస్తున్న క్షణంలో 12 దాకా పోతుంది, కాబట్టి ఇన్‌పుట్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు. ఇంజిను పక్కన బిగించకండి, క్యాబిన్ లోపల గాలి ఆడేచోట, రెక్కలు నిలువుగా ఉండేలా పెట్టండి.

వోల్టేజీ మార్చిన బండిలో మోటారు ఒక్కటే ఉండదు. ఆగి ఆగి తుడిచే రిలే ఏ వోల్టేజీదో చూడండి. నీళ్ళు చిమ్మే వాషర్ మోటారు మరీ ముఖ్యం, 12 వోల్టులది 24 మీద ఒక సీజను కూడా నిలవదు. 12 వోల్టుల మోటారు కోసం ఫ్యూజు పెంచి ఉంటే, 24 ఆర్మేచర్ వేశాక దాన్ని కూడా సగానికి దించండి.

(ప్రశ్న: తిరగేసి, 24 వోల్టుల మోటారు 12 వోల్టుల వ్యాన్‌కి పెడితే కాలిపోదు కదా అన్నా, ఏం నష్టం?)

కాలిపోదు, నిజమే. కానీ లో స్పీడులో 22, హైలో 32 దగ్గర నడుస్తుంది, బలం సగం. అమెరికా వాహన భద్రతా ప్రమాణం 104 హై స్పీడు నిమిషానికి కనీసం 45 సార్లు, లో కనీసం 20 సార్లు, రెంటికీ మధ్య కనీసం 15 తేడా ఉండాలంటుంది. మీ 32 ఆ 45కి అందదు. హై బ్రష్ ఒక్కటే వాడి సర్దుకుందామన్నా, హైలో ఉన్న బలం లోకన్నా తక్కువ. దీనికీ అదే మందు, 12 వోల్టుల ఆర్మేచర్. ఒక సంగతి, కరెంటు రెట్టింపవుతుంది కాబట్టి వైరు చూసుకోవాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు పోను రాను 10 మీటర్లుంటే 0.12 ఓము. 24లో 2.5 ఆంపియర్లకు 0.3 వోల్టు పోయేది, 12లో 5 ఆంపియర్లకు 0.6 పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్లు వేయండి.

(ప్రశ్న: 6 వోల్టుల పాత కారుని 12కి మార్చాం. వైపర్ కూడా ఇంతేనా?)

అంత పాతదాంట్లో అయస్కాంతం బదులు ఫీల్డ్ కాయిల్ ఉండొచ్చు, ముందు విప్పి చూడండి. ఉంటే ఆర్మేచర్ ఒక్కటే మారిస్తే చాలదు, ఫీల్డ్ కాయిల్ కూడా రెట్టింపు చుట్లతో చుట్టాలి. రెండు కాయిళ్ళు ప్యారలల్‌లో ఉంటే వాటిని సీరీస్‌లోకి మారిస్తే సరిపోతుంది.

ఇక బండి ఇచ్చేసే ముందు చేయాల్సిన పరీక్ష. ఇంజిను తిరుగుతూ ఉండాలి, బ్యాటరీ ఒక్కదాని మీద చేస్తే లెక్క తప్పుతుంది. అద్దం మీద పైపుతో నీళ్ళు పోస్తూ డీసీ క్లాంప్ మీటరు పెట్టి లో, హై రెండూ చూడండి, గడియారం పెట్టి నిమిషానికి ఊపులు లెక్కపెట్టండి. అరగంట ఆపకుండా నడపండి. ఆ తరవాత మోటారు బాడీ మీద అరచేయి 5 సెకన్లు పెట్టలేకపోతే ఎక్కడో బిగువుంది. ముందు లింకేజి విప్పి చేత్తో తిప్పి చూడండి, బుష్ ఎండి ఉంటుంది. అప్పుడు పార్కింగ్: పదిసార్లు, స్విచ్‌ని ప్రతిసారీ బ్లేడు వేరేచోట ఉన్నప్పుడు ఆపండి. ఐదు లో నుంచి, ఐదు హై నుంచి. పదికి పది కింద పడుకోవాలి. తొమ్మిదయితే బండి ఇవ్వకండి, పార్కింగ్ పళ్ళెం మళ్ళీ విప్పండి.